రాణి బొమ్మ రూపాయి

మొదటి రూపాయి నల్లరాతి మీద ఖంగుమంది. పరదేశి గుండె అంతకంటే గట్టిగా కొట్టుకుంది.

నయాపైసలు వచ్చిన ఏడాది అది. రాణి బొమ్మ ఉన్న పాత రూపాయి మీద రాసున్నది రూపాయే గానీ, మూసలో వేసి కరిగిస్తే ఆ వెండి రూపాయిన్నర పలుకుతోంది. అందుకే కుండల అడుగునా, గోడ కన్నాల్లోనా దాక్కున్న రాణులందరూ చోడవరంలో కంసాలి అప్పలాచారి కొట్టుకి దారి పట్టారు.

పరదేశి ఆశకొద్దీ రాలేదు. గానుగ తిప్పే ఎద్దు చచ్చిపోయింది. నరికిన చెరకు గానుగ దగ్గరే పడుంది. ఇంకో రెండ్రోజులు ఆగితే రసం ఇంకిపోతుంది. రేపు వడ్డాది సంతలో ఎద్దును కొనకపోతే ఈ ఏటికి బెల్లమూ లేదు, తిండీ లేదు.

ఇంట్లో ఉన్న రాణి రూపాయలు చాలలేదు. బావమరిది సత్యారావు ఎక్కడినుంచో ఓ పది దొంగ రూపాయలు తెచ్చి వాటిలో కలిపేశాడు.

"తూకం సరిపోతాది, బొమ్మా సరిపోతాది. మోగిస్తే మట్టుకు దొరికిపోతాం బావా. ఆ ఆచారిది పాము సెవి" అని హెచ్చరించాడు కూడా.

కిందటేడు ఇలాంటివే తెచ్చినవాణ్ణి ఆచారి పోలీసులకి అప్పగించాడు. ఆ సంగతి తెలిసే వచ్చాడు పరదేశి. తెగించినవాడికి తెడ్డే లింగం.

"దండాలు ఆచారి బాబూ" అన్నాడు రాగానే. ఆచారి పలకలేదు.

ఆయన భార్య కనకమహాలక్ష్మి తలుపు దగ్గర్నుంచి, "పనిలో ఉంటే ఆయన ఎవరితోటీ మాటాడరు. కూకో బాబూ" అంది.

పేరున్నవాడికి ఆ మాత్రం టెక్కు ఉంటుందిలే అనుకున్నాడు పరదేశి.

ఆచారి అతన్ని కిటికీ వెలుగు మొహాన పడేలా ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. ఒక్కో రూపాయీ రాతి మీద పడేసి, తల కాస్త పక్కకి వంచుతాడు. రూపాయి వైపు చూడడు, పరదేశి మొహంలోకే చూస్తుంటాడు. వినేవాడికి రూపాయిని చూడాల్సిన పనేముంది?

ఖంగు. కుడివైపు. ఖంగు. మళ్ళీ కుడివైపే.

అంతలో వీధిలో చెరకు బళ్ళు వచ్చాయి. ఎడ్ల మెళ్ళో గంటలు, బండివాళ్ళ కేకలు. సరిగ్గా అప్పుడే రాతి మీద ఒక రూపాయి టప్పుమంది. ఎదురుగా ఉన్న పరదేశికే అది లీలగా వినబడింది. దేవుడే ఆ బళ్ళని పంపాడనుకున్నాడు.

ఆచారి చెయ్యి ఆగింది. రూపాయిని ఎడమవైపు పడేశాడు.

పరదేశికి చెమటలు పట్టాయి. ఇంత గోలలో ఎలా విన్నాడీ మనిషి!

ఆ తరవాత ఒక్కటీ తప్పించుకోలేదు. టప్పుమన్నదల్లా ఎడమవైపుకే పోయింది.

చివరికి చిన్నమ్మి రూపాయి వచ్చింది. చిన్నమ్మి పరదేశి భార్య. పోయి రెండేళ్ళయింది. పెళ్ళినాడు తల్లి చేతిలో పెట్టిన ఆ రూపాయిని ఎంత ఇబ్బందిలోనూ ఖర్చు పెట్టలేదామె. దిగులు పుట్టినప్పుడల్లా బొటనవేలితో రుద్దుకుంటూ కూర్చునేది. అలా రుద్దిరుద్ది రాణి ముక్కు అరిగిపోయింది. దాన్ని ఆచారి చేతిలో చూసేసరికి పరదేశి పళ్ళు బిగబట్టి ఆయన చూపు తప్పించుకున్నాడు.

అది ఖంగుమంది. అన్నిటికంటే నిండుగా మోగింది.

ఆచారి దాన్ని ఎడమవైపు పడేశాడు.

"అది కాదు బాబూ" అనబోయి పరదేశి నాలిక కరుచుకున్నాడు. అది మంచిదంటే, తక్కినవి దొంగవని ముందే తెలుసని ఒప్పుకున్నట్టే.

కుడివైపు కుప్పకి డబ్బిచ్చేశాడు ఆచారి. "పిల్లలు గలవాడిలా ఉన్నావు, పోనీలే అని వదుల్తున్నాను. ఈ దొంగసరుకు పట్టుకు నడు. మళ్ళీ తెచ్చేవంటే ఠాణాకే."

పరదేశి అరుగు దిగాడు. మొలలో ఉన్న డబ్బుకి ముసలి ఎద్దయినా వస్తుందో రాదో. అంతకంటే చిన్నమ్మి రూపాయి అతన్ని ఎక్కువ బాధపెడుతోంది. తనకి నిండుగానే వినబడింది, నిజమే. కానీ ఆ చెవి ముందు తన చెవెంత? అయితే చిన్నమ్మి ఇన్నాళ్ళూ గుండెకి హత్తుకున్నది ఉత్త సీసమా? కన్నతల్లే కూతుర్ని మోసం చేసి పంపిందా? సత్యారావు బుద్ధులు వాళ్ళమ్మ దగ్గర్నుంచే వచ్చాయా?

ఉండబట్టలేక వెనక్కి తిరిగాడు.

"ఆచారి బాబూ! ఈ ఒక్కటీ మరొక్కపాలి మోగించండి. ఇది మా ఆడమనిసిది!"

కొలిమి వైపు తిరిగి కూర్చున్న ఆచారి కదల్లేదు.

"బాబూ! జైలుకైనా పోతాను, ఇదొక్కటీ సూడండి!" గొంతు చించుకున్నాడు పరదేశి. దారినపోయేవాళ్ళు ఆగి చూశారు.

కనకమహాలక్ష్మి గాభరాగా అరుగు దిగి వచ్చింది.

"అరవకు బాబూ, నలుగురూ ఇంటే మా కూడు పోతాది" అంటూ గొంతు బాగా తగ్గించింది. "ఆయనకి సెవులు పోయి మూడేళ్ళయింది."