బోర్డు మీద పిల్ల

"అన్నీ సరిగ్గా ఉన్నాయి నస్రుల్ గారూ, ఒక్కటి తప్ప," అంది కౌలాలంపూర్ లాయరు నోర్లిజా.

నస్రుల్ తలెత్తలేదు. పక్కన భార్య దార్నిస్ చల్లారిపోయిన టీ వంక చూస్తోంది.

ఇండోనేషియాలోని పదాంగ్‌లో వాళ్ల 'నెలీ సోతో' కొట్లు తెలియనివాళ్లు లేరు. ఆ మాంసం పులుసు ఇప్పుడు సముద్రం దాటి మలేషియాకి రావాలి. పరాయి దేశపు ఫ్రాంచైజీ ఇక్కడ తలుపు తెరవాలంటే ముందు ప్రభుత్వం దగ్గర నమోదు కావాలి. దానికి ముందు పేరూ బొమ్మా ట్రేడ్‌మార్కు కావాలి. అక్కడే ముడి పడింది.

"ఈ బోర్డు మీద నవ్వుతున్న పిల్ల ఎవరు?"

"మా అమ్మాయి. నెలీ."

"ముందు పళ్లు ఊడి భలే ఉంది. ఇప్పుడెంత వయసు?"

"ఇరవై రెండుంటాయి."

"పెద్దదేగా. తన పేరూ ముఖమూ వాడుకోడానికి ఒప్పుకుంటూ ఆమె సంతకం చేయాలి."

"ఆమె సంతకం దొరకదు," అన్నాడు నస్రుల్, సోతోలో నిమ్మకాయ అయిపోయిందని చెప్పినంత మామూలుగా.

నోర్లిజా నవ్వింది. "అలిగిందా? మావాడూ అంతే, ఫోనెత్తడు. పోనీ బొమ్మ మార్చేయండి. సోతో గిన్నె వేయిద్దాం. ఇక్కడ మీ ఫ్రాంచైజీ తీసుకునే కంపెనీ వాళ్లకీ అదే ఇష్టం."

"బొమ్మ మారిస్తే మాకీ వ్యాపారమే వద్దు."

"మీ పట్టుదలలు మీవి. కొట్లేమో రేవులోనూ బస్టాండులోనూ పెట్టాలంటారు. అక్కడ కుదురుగా కూచుని తినేదెవరు?"

"తినకపోయినా ఫర్వాలేదమ్మా. బోర్డు కనబడితే చాలు," అంది దార్నిస్. ఆ పూట ఆవిడ నోరు విప్పింది అంతే.

నోర్లిజా కాగితాలు తిరగేసింది. "చట్టంలో ఇంకో దారి ఉందిగానీ, దేవుడి దయవల్ల మీకు దాంతో పనిలేదు. మనిషి పోయుంటే, మరణ పత్రం జతచేసి అమ్మానాన్నలే సంతకం పెట్టొచ్చు."

ఫ్యాను తిరుగుతోంది. నస్రుల్ తలెత్తి అడిగాడు.

"ఆ పత్రం తెస్తే చాలా?"

నోర్లిజా చేతిలో కాగితాలు బల్ల మీద పెట్టేసింది. "క్షమించండి. నాకు తెలీదు."

ఊరికి తిరిగొచ్చాక దార్నిస్ అంది, "ఆ కాగితం నా చేత్తో ముట్టుకోను."

"నేను ముట్టుకుంటాలే."

కోర్టు మెట్లు అతనొక్కడే ఎక్కాడు, అతనొక్కడే దిగాడు. ఏడుపొస్తుందేమోనని చూశాడు. రాలేదు. కొట్టుకెళ్లి పులుసు రుచి చూశాడు. ఉప్పుందో లేదో నాలుక్కి తెలియలేదు.

మళ్లీ కౌలాలంపూర్ వెళ్లి సంతకం పెట్టాడు. పిల్ల ఆత్మశాంతికని నోర్లిజా లోగొంతుకతో ప్రార్థన చదివింది. అతను ఆమీన్ అనలేదు.

మలేషియాలో మొదటి కొట్టు క్లాంగ్ రేవులో తెరిచారు. సాయంత్రం పడవ దిగిన జనం బోర్డు కింద నుంచి సాగిపోతున్నారు. మొగుడూ పెళ్లాం లోపలికి పోలేదు. ఎదుటి గోడకు ఆనుకుని నిలబడ్డారు.

ఆరేళ్లప్పుడు అవతలి ఒడ్డున, దుమాయ్ రేవులో, ఎవరో ఎత్తుకుని ఈ దేశానికొచ్చే పడవెక్కించేసిన నెలీ ఎక్కడున్నా ఈ దారిన వచ్చి తన ముఖం తనే గుర్తుపట్టాలని, బతికే ఉందని నమ్ముతున్న కూతుర్ని చచ్చిపోయిందని కోర్టులో రాసిచ్చాడు నస్రుల్.