ఎక్కువున్న వరుస

ఆసుపత్రి పాత సర్వర్ చెడిపోయిన మూడు రోజులూ పక్క భవనంలోని జంట సర్వరే పని నెట్టుకొచ్చింది. బాగైన పాతదాన్ని ఆ రాత్రి ఆన్ చేసిన ఇంజనీరు, వివరాలు వెనక్కి ఎక్కించేముందు అలవాటుగా రెంటినీ పోల్చాడు. మూడు రోజులుగా కరెంటే లేని పాతదాని రోగుల పట్టికలో ఒక వరుస ఎక్కువుంది. నిన్ననే పైవార్డులో చేర్పించిన అతని తల్లి పేరు. మరణం: 3.10.

గడియారంలో మూడే అయింది. తల్లి దగ్గరున్న భార్యకు ఫోన్ చేశాడు.

"అత్తయ్యకేం, మీరే వినండి." ఆమె ఫోన్ మంచం దగ్గర పెట్టింది. గురక నిక్షేపంగా వినిపించింది. "నాకే కునుకు లేదు."

అతను ఆ వరుస చెరిపేసి మళ్ళీ పోల్చాడు. వరుస అక్కడే ఉంది. మరణం: 3.02.

"హమ్మయ్య, గురక ఆపారు" అంది భార్య. "ఇక నేనూ కాస్త నడుం వాలుస్తానండీ."