ఖాళీ కాలేయం

షుగరు ఉన్నవాళ్లందరికీ కాలేయం పక్కన చిన్న యంత్రపు బిళ్ల అమర్చే రోజులవి. రక్తంలో చక్కెర పడిపోతే, దాచుకున్నది వదలమని బిళ్లే కాలేయానికి చెబుతుంది. అందుకే సుగుణ ఇంట్లో చక్కెర ఉంచడమే మానేసింది.

జ్వరంతో భర్త రాజీరు మూడు రోజులుగా మెతుకు ముట్టలేదు; షుగరు మాత్రలు మాత్రం ఆపలేదు. ఆ మధ్యాహ్నం చెమటలు పట్టి, స్పృహ తప్పాడు.

"ఆజ్ఞ పంపాను" అంది ఫోనులోంచి బిళ్ల. మళ్లీ మళ్లీ అదే మాట.

"లోపల ఏమున్నదని ఇస్తది? మూడు దినాలాయె ఆయన తినక!" అని ఏడ్చింది సుగుణ.

అంబులెన్సుకు ఫోను చేసింది. పక్కింటి బెల్లం తెచ్చినా, బిగుసుకున్న దవడలు విడలేదు.

అంబులెన్సువాళ్లు వచ్చి, "ఇంతసేపు మెదడుకు చక్కెర అందలేదు" అంటూ గ్లూకోజు సూది వేశాక చాలాసేపటికి కళ్లు తెరిచాడు.

"ఎవలమ్మా నువ్వు?"

సుగుణ తన పేరు చెప్పింది. అతను మర్యాదగా తలూపాడు.