ఆఖరి పెట్టెలో జాగ్రత్త

"ఆర్పు బావా, ఆర్పు!"

వాకీటాకీలో బామ్మర్ది గొంతు గరగరలాడింది. డ్రైవరుకి ఒళ్ళు మండింది.

"ఏమిట్రా ఆర్పేది? ఇంజన్లో నిప్పార్పేస్తే బండిని మీ అక్కొచ్చి లాగుతుందా?"

"ఆర్పు కాదు బావా, ఆపు! వెనక గడ్డి అంటుకుంది. బండి ఆపు!"

డ్రైవరు ఆపాడు. ఆవిరి ఇంజన్ బుస్సుమంటూ నిలబడింది. డ్రైవరు తాతగారి కాలంనాటి ఇంజన్ అది. సరదాకి ఎక్కేవాళ్ళని కొండ దాకా తిప్పి తీసుకొస్తుంటుంది. నెలల తరబడి చినుకు లేదేమో, పట్టాల పక్క గడ్డి కాస్త కోపంగా చూస్తే చాలు భగ్గుమనేలా ఉంది.

ఆఖరి పెట్టెలోంచి బామ్మర్ది తడిగోనె పట్టుకుని దూకాడు. మంటని బాది బాది చంపి, మళ్ళీ ఎక్కాడు.

ఈలోగా మేనేజరమ్మ ఇంజన్ దగ్గరికి నడిచొచ్చింది. గొడుగు ఎండని ఆపింది గానీ ఆవిడలోని మంటని ఆపలేకపోయింది.

"డ్రైవరు గారూ, ఇది రెండోసారి! ఇంజన్ పరుగెత్తితే పొగగొట్టంలోంచి రవ్వలు ఎగురుతాయి, మెల్లగా నడపండి అని పొద్దున్న చెప్పానా లేదా?"

"ఇంతకంటే మెల్లగా అంటే వెనక్కి నడపాలమ్మా! పొగగొట్టానికి కొత్త జల్లెడ కట్టాం. బొగ్గు తడిపి వేస్తున్నాం. రవ్వ కాదు కదా, రవ్వంత కూడా బయటికి రాదు."

"మరి గడ్డి తనంతట తనే అంటించుకుందా? మీకంటే మీ బామ్మర్ది నయం. కాపలాకి వెనక కూర్చోమంటే, 'వేగం సంగతి కూడా నాకొదిలెయ్యండి మేడం' అన్నాడు."

"వాడికి వేగమంటే భయమమ్మా. ఉయ్యాల ఎక్కినా కళ్ళు మూసుకునే రకం."

"భయమే మంచిది. ఇంకొక్క మంట లేచిందా, వానలు పడేదాకా ఈ ఇంజన్ షెడ్డులోకి, డీజిల్ ఇంజన్ ముందుకి. అంతే!"

వానలు పడేలోపే డ్రైవరు రిటైరవుతాడు. ఇప్పుడు షెడ్డులోకి వెళ్తే మళ్ళీ ఈ ముసలిదాని పగ్గాలు పట్టే యోగం లేదు. ఇక డీజిల్ ఇంజనంటారా, ఆయన లెక్కలో అది చక్రాలున్న బీరువా.

బండి కదిలింది. కదిలింది అనడం మర్యాద కోసం. ఏడుస్తూ ఈడ్చుకుంది.

"నాలుగు పెట్టెలకే ఇంత ఆయాసమేమిట్రా దీనికి?" అన్నాడు డ్రైవరు.

బొగ్గు వేస్తున్న ఫైర్‌మన్ చెమట తుడుచుకున్నాడు. "ఏమో గురువుగారూ! మేస్తోంది గానీ మొయ్యట్లేదు. ఊళ్ళో ఫైర్‌మన్ మంటలార్పుతాడు, నేను వేస్తాను. ఇవాళ వేసీ వేసీ నాకే పుడుతోంది మంట."

అంతలో మళ్ళీ గరగర. "బావా! ఆపు!"

"సరిగ్గా చూసి చావరా! పొగా, ఆవిరా?"

"పొగే బావా! ఇక్కడ నా జాగ్రత్తలో నేనున్నా. అయినా లేస్తోంది!"

డ్రైవరు బండి ఆపి కిందికి దూకాడు. తువ్వాలు విదిలించి భుజాన వేసుకుని వెనక్కి నడిచాడు. కిటికీల నిండా తలకాయలే.

"ఇంకెంతసేపండీ?" అడిగాడొకాయన.

"మీరు దిగి ఇంటికి నడిచెళ్ళేంతసేపు!"

వెనకే మేనేజరమ్మ. "ఇక నన్నేం అడక్కండి డ్రైవరు గారూ. అయిపోయింది."

డ్రైవరు చూపు గడ్డి మీదుంది. మొదటి మూడు పెట్టెల పక్కన గడ్డి ఎండినా చెక్కుచెదరకుండా ఉంది. ఆఖరి పెట్టె పక్కనే మాడి బొగ్గయింది.

"ఇదేమిటమ్మా! నా ఇంజన్ రవ్వలకి ఆఖరి పెట్టె పక్కనే రిజర్వేషన్ ఉందా?"

అంటూనే కిందికి వంగి చూశాడు. కాలిన ఇనుము వాసన గుప్పుమంది. ఆ పెట్టె చక్రాలని బ్రేకు దిమ్మలు మొసలి పట్టు పట్టి ఉన్నాయి. ఎర్రగా కాగిపోయి, కణికల్లాంటి ఇనుప రజను గడ్డిలోకి రాలుస్తున్నాయి.

మేనేజరమ్మ కూడా వంగింది. "బ్రేకు ఊడిపోయిందా?"

"ఊడలేదమ్మా, పట్టుకునుంది!" ఆఖరి కిటికీ దాకా వినపడేలా అరిచాడు డ్రైవరు. "బిగించిన చక్రాన్ని ఈడ్చుకుపోతే ఇనుమూ ఇనుమూ రాసుకుని రవ్వలు రాలవా? మంటలన్నీ ఇక్కడివే! మా ముసలిది పాపం, దీన్ని లాగలేకే రొప్పుతోంది."

మేనేజరమ్మ నిట్టూర్చింది. "సరే, ఇంజన్‌కి షెడ్డు వద్దులెండి. కానీ ఈ పెట్టెకి చేతి బ్రేకు లోపలే కదా ఉండేది? తిప్పిందెవరు?"

అందరి తలలూ ఒక్కసారి పైకి లేచాయి. పెట్టెలో బామ్మర్ది ఆ బ్రేకు తిప్పే ఇనుప చక్రాన్ని రెండు చేతులా కావలించుకుని చెమటలు కక్కుతున్నాడు. డ్రైవరుని చూడగానే ప్రాణం లేచొచ్చినట్టు నవ్వాడు.

"సమయానికొచ్చావు బావా! నువ్వు దూకుడుగా పోతావని పొద్దున్నే కాస్త బిగించాను. మంట లేచినప్పుడల్లా ఇంకో చుట్టు తిప్పాను. ఇక నా ఒక్కడి వల్ల కావట్లేదు, ఓ చెయ్యి వెయ్యి. ఇంకొక్క చుట్టు బిగించామంటే మళ్ళీ మంటన్నదే లేవదు!"