బాగుంది గానీ, ఏదో తక్కువైంది

"బాగుంది. కానీ బాగాలేదు," అంది క్లయింటు.

డిజైనరు పళ్లన్నీ కనబడేలా నవ్వింది. లోపల మాత్రం తల గోడకేసి కొట్టుకుంది.

"ఎక్కడ బాగాలేదంటారు మేడమ్?"

"అదే తెలీట్లేదు. ఏదో తక్కువైంది."

ఆ 'ఏదో' కోసమే డిజైనరు నెలల తరబడి ఈ ఇంటి మెట్లెక్కి దిగుతోంది. సబ్బు కంపెనీకి నురగ పాపాయినీ, బ్యాంకుకి కళ్లద్దాల ఉడతనీ చిటికెలో గీసి పారేసిన మనిషి. ఇక్కడ మాత్రం ఆమె పప్పులు ఉడకడం లేదు.

పని చూస్తే చిన్నదే. ఈ సంస్థ ఒక బొమ్మల కథ నడుపుతోంది. పాఠకులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే అయినా మహా నమ్మకస్తులు, ఒక్క సంచికా వదలరు. కథలో ముగ్గురు. వీపున ఎర్రగుడ్డ కట్టుకుని కొండల్ని పిండి చేసే పొట్టి వీరురాలు, తాళంచెవులు పారేసుకోవడమే పనిగా పెట్టుకున్న పొడుగాయన, మబ్బుల్లో ఉండి అందరినీ కనిపెట్టుకునే వాలుజడావిడ. ఇప్పుడు నాలుగో మనిషి రావాలి. ఆ మనిషి ఎలా ఉండాలి, వచ్చి ఏం చేయాలి అని అడిగితే, "గీయండి, చూసి చెప్తా" అంటుంది క్లయింటు.

ఆఫీసు ఇంట్లోనే. భోజనాల బల్లే మీటింగు బల్ల. క్లయింటు కుర్చీలో రెండు దిళ్లు వేయించుకుని, ఎదుటివాళ్లకంటే ఓ మెట్టు ఎత్తున దర్జాగా కూర్చుంటుంది. కాఫీ ఇస్తే ముట్టదు. సంస్థలో ఇంకో భాగస్వామి ఉన్నాడు గానీ, పాపం, ఆయన పని కప్పులు అందించడం, గోళ్లు కొరుక్కోవడం. నోరు తెరవబోతే చాలు, "నువ్వు మధ్యలో మాట్లాడకు" అని కసురుతుంది.

ఆయన మొదట్లోనే చెప్పేశాడు. "తను ఊఁ అంటేనే ముందుకెళ్దాం. లేదంటే ఇక్కడితో ఆపేద్దాం."

ఆపేద్దామట! ఆ మాట గుర్తొస్తే డిజైనరు మళ్లీ పెన్సిలు చెక్కడం మొదలుపెట్టేది. ఇంతవరకూ ఏ పనీ తనకే దక్కాలని ఆమె ఇంత పిచ్చిగా కోరుకోలేదు.

మొదటి బొమ్మ చిరునవ్వులు చిందిస్తూ వచ్చింది. "మరీ మంచిదానిలా ఉంది. నాకు అనుమానంగా ఉంది," అంది క్లయింటు. నవ్వు తగ్గిస్తే, "ఇప్పుడు తిట్టేలా ఉంది" అంది. కండలు పెడితే, "నా వీరురాలికి పోటీయా?" అంది. రెక్కలు తగిలిస్తే, "ఎగిరిపోతుంది, తీసేయండి" అంది.

ఓసారి డిజైనరు బొమ్మకి వాలుజడ వేసి తెచ్చింది. క్లయింటు కాగితాన్ని మెల్లగా బోర్లించింది.

"జడ ఆవిడది. ఆవిడ కథలోంచి వెళ్లదు. ముందే చెప్తున్నా."

"వెళ్లకూడదు కూడా," అంది డిజైనరు.

ఆరోజు క్లయింటు ఆమెను మొదటిసారి తిన్నగా చూసింది.

ఇక ఇవాళ్టి బొమ్మ కూడా వీగిపోయింది. డిజైనరు ఫైలు మూసేసి, మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న ఇప్పుడడిగింది.

"మేడమ్, బొమ్మ సంగతి వదిలేద్దాం. ఈ నాలుగో మనిషి వస్తోందంటే మీకేంటి భయం?"

క్లయింటు దిండు అంచు పీకుతూ ఆలోచించింది. "అన్నీ తనకే తెలుసన్నట్టు వస్తుందేమో. వచ్చి మా కథంతా మార్చేస్తుందేమో."

డిజైనరుకి అప్పటికి బుర్రకెక్కింది. ఇన్నాళ్లూ తను గీసిన వాళ్లంతా అన్నీ తెలిసినవాళ్లే! పెన్సిలు అందుకుని అక్కడికక్కడే గీసింది. గుమ్మంలో ఒక ఆడమనిషి. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. బూటు లేసు ఊడింది. జుట్టు రేగింది. చేతిలో సంచి తిరగబడి పెన్సిళ్లన్నీ మెట్ల మీద దొర్లుతున్నాయి. కళ్లు ఇంతింత చేసుకుని, రమ్మంటారా వద్దంటారా అన్నట్టు లోపలికి చూస్తోంది.

"ఈవిడేంటి, భయపడుతోంది?"

"కొత్త కదా. ఏమీ తెలీదు. మీవాళ్లే నేర్పాలి."

క్లయింటు కిసుక్కున నవ్వింది. ఇక ఆ నవ్వు ఆగలేదు. బల్ల మీద రెండు చేతులతో దరువు వేసేసింది. "ఇదే! ఇదే! నాకు ముందే తెలుసు ఇదే కావాలని!"

ముందే తెలుసట! మామూలుగా అయితే డిజైనరుకి ఒళ్లు మండాలి. ఇప్పుడు మాత్రం లేచి గంతులేయాలనిపించింది. క్లయింటు ఆమె ఫైల్లోంచి ఎర్ర పెన్సిలు లాక్కుని, బొమ్మ వీపున ఓ ఎర్రగుడ్డ కట్టేసింది. "జట్టులో ఉంటే ఇది ఉండాలి," అంది. భాగస్వామి చేతిలో ట్రే ఒరిగి, ఓ కప్పు కిందపడి భళ్లుమంది. ఎవరూ పట్టించుకోలేదు.

క్లయింటు దిళ్ల మీంచి కిందికి దూకి, ఆయన చొక్కా పట్టుకు లాగి, ఊడిన పాలపళ్ల సందులోంచి గాలి తుస్సుమంటుండగా, "నాన్నా, సరే, ఈ ఆంటీని పెళ్లి చేసుకో," అంది.