గుండు కోత

పక్కింటివాడి సోమరితనం వల్లే తన పచ్చికలో కలుపు మొలుస్తోంది. అందులో పెద్దాయనకు అనుమానమే లేదు.

“గడ్డి పొట్టిగా కోయించే ఓపిక లేదు, పెద్దమనిషట! వాడి విత్తనాలే ఇక్కడ పడుతున్నాయి,” అన్నాడు బావమరిదితో, కలుపు పీకుతూ.

బావమరిది కంచె సందులోంచి చెయ్యి పెట్టి పక్కింటి గడ్డిని పాయలు తీశాడు. “ఒక్క కలుపు మొక్క చూపించు బావా.”

ఒక్కటీ లేదు.

“నువ్వేమో గుండు గీసినట్టు కోస్తావు. నేలకి ఎండ తగిలితే కలుపు రాక ఏమొస్తుంది? నాలుగు వేళ్ల ఎత్తు ఉంచమని అక్క ఎన్నేళ్లు మొత్తుకుంది?”

అలా అన్నప్పుడల్లా పెద్దాయన భార్యను సోమరిపోతు అని తిట్టేవాడు. ఆమె కన్నుమూసే ముందు వారం కూడా ఆమె చేతే కలుపు పీకించాడు.

పెద్దాయన లేచి, కోత యంత్రం బ్లేడును నాలుగు వేళ్లు పైకి బిగించాడు.

“ఒప్పుకున్నట్టేనా బావా?”

“నోర్ముయ్. ఈ ఊసు మళ్లీ ఎత్తకు. చచ్చేదాకా నేనూ ఎత్తను.”