పెంటికలు ఏరిన చెయ్యి

“ఏయ్! ఎవరమ్మా నువ్వు? మా దొడ్లో ఏంది ఏరుకుంటన్నావు?”

ఓబులయ్య అరుపుకు పుల్లలచెరువు దారిన పోయేవాళ్లు కూడా ఆగిపోయారు. ముక్కూ మొహం తెలియని ఆడమనిషి, వంగి గొర్రె పెంటికలు ఏరి సంచిలో వేసుకుంటోంది.

“గొర్రెల కడుపులో నట్టపురుగులు ఉన్నాయేమో చూద్దామని, అన్నా.”

“చూస్తావో, చేతబడే చేస్తావో!” అంది ఓబులయ్య భార్య అలివేలమ్మ.

పరాయి మనిషి పెంటిక పట్టుకుపోతే మంద నాశనమేనని వాళ్ల నమ్మకం. సెంటు భూమి లేని ఆ ఇంటికి మందే కూడు, మందే గుడ్డ.

“వచ్చే వారం చిటుకు రోగానికి టీకాలు వేస్తారు గదక్కా. కడుపులో నట్టలుంటే ఒంటికి టీకా పట్టదు. ముందు పశువుల ఆసుపత్రివాళ్లు పంపిన నట్టల మందు తాపండి. ఎలుకల్లో పరీక్ష చేసి చూశాను.”

“ఎలుకలా! ఇయ్యి గొర్రెలమ్మో!”

చుట్టూ చేరినవాళ్లు పగలబడి నవ్వారు.

“ఏ జీవమైనా అంతేనన్నా. నట్టలు ఒంటిని జోకొట్టి పడుకోబెడతాయి. టీకా ఎంత లేపినా లేవదు.”

“సూడి గొర్రెలకు మందు పోస్తే కడుపులు పోతాయి. నీక్కావాల్సింది అదేగా!”

ఓబులయ్య కర్ర ఎత్తాడు. దెబ్బ ఆమె కుడి మణికట్టు మీద పడింది. పెంటికలు నేలపాలయ్యాయి.

“మందు మాత్రం తాపన్నా...” అంటూనే ఆమె ఆటో ఎక్కింది.

“పీడ వదిలింది!” అని అలివేలమ్మ దొడ్డి చుట్టూ పసుపునీళ్లు చల్లింది.

వారానికి పశువుల డాక్టరు వచ్చాడు.

“నట్టల మందు తాపినావా ఓబులయ్యా?”

“తాపినాం సారూ, ఎప్పుడో తాపినాం!”

తాపడమా పాడా! సీసా మూత కూడా తీయలేదు మహానుభావుడు. డాక్టరు ఆ మాట నమ్మి టీకాలు వేసిపోయాడు.

వానలు పడ్డాయి. లేతపచ్చిక మేసొచ్చిన గొర్రెలు చిటుకు రోగంతో నిలబడ్డవి నిలబడ్డట్టే కూలాయి. సగం మంద పోయింది. అలివేలమ్మ గుండెలు బాదుకుంది.

ఓబులయ్య చచ్చిన పొట్టేలును భుజానేసుకుపోయి ఆసుపత్రి గుమ్మంలో పడేశాడు.

“దొంగ టీకా పొడిచి మా కొంప ముంచినావు! ఇది చేసినోళ్ల చేతులు పడిపోను!”

డాక్టరు పొట్టేలు కడుపు కోశాడు. లోపల దారపు ఉండల్లా నట్టలు.

“మందు తాపినానంటివే?”

ఓబులయ్య గుమ్మం వైపు ఒక అడుగు వెనక్కి వేశాడు.

డాక్టరు కత్తి కడుక్కుంటూ అన్నాడు.

“ఈ టీకా తయారుచేసిన యామినమ్మ చేతిని నువ్వు కర్రతో విరగ్గొట్టి పంపిస్తే, ఆ పూట కట్టు కట్టింది నేనే.”